పాత మిలటరీ జీపుతో బాట లేని చోట: బండిని ఏది పట్టుకుని ఉంది?

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ, మన మహీంద్రా సీజే-3బీ. బానెట్ ఎత్తులో, ముందు జాలీలో తేడాలున్నా మూడూ ఒకే తానులో ముక్కలు. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మూడు గేర్లు, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ (గేరుబాక్సు బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె), ముందూ వెనకా కమాన్ పట్టీలు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. చక్రాల మధ్య నిడివి 80 అంగుళాలు, వెడల్పు నాలుగడుగుల పైన ఒక్క అంగుళం. ఎంబీ బరువు సుమారు 1,100 కిలోలు. బెల్టుల్లేవు, తలమీద కడ్డీ లేదు, తలుపుల్లేవు.

ఇలాంటి బండిని రాళ్లలోకి, వాగులోకి తీసుకెళ్లేవాడు ఎప్పటికప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడు బండిని ఏది పట్టుకుని ఉంది? ఇంజనా, కాలిబ్రేకా, హ్యాండ్‌బ్రేకా, చక్రం కింద పెట్టిన రాయా? కొత్త కార్లలో ఈ ప్రశ్న రాదు. ఈ జీపుల్లో జరిగే ప్రమాదాలు చాలావరకు దీనికి తప్పు జవాబు అనుకోవడం వల్లే.

బ్రేకులు ఎంతవరకు నమ్మొచ్చు

కాలిబ్రేకు ఒకటే లైను. మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకీ అదే ఆయిల్. ముందు చక్రం దగ్గర రబ్బరు గొట్టం పగిలిందా, నాలుగు బ్రేకులూ పోయినట్టే. బయల్దేరే ముందు పెడల్ గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే ఉంచండి. మెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్ కప్పులో, చక్రాల సిలిండర్లలో ఎక్కడో లీకుంది, ఆ రోజు బండి షెడ్డులోనే. మొదటిసారి లోతుగా వెళ్లి, రెండోసారి పైనే ఆగితే షూలు అడ్జస్ట్ చెయ్యాలి. స్పాంజిలా ఉంటే గాలి చేరింది.

హ్యాండ్‌బ్రేకు సంగతి చాలామందికి తెలియదు. అది చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ వెనక, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉన్న డ్రమ్మును పట్టుకుంటుంది. అంటే అది ఆపేది షాఫ్టుని. అక్కణ్నుంచి చక్రాలకి వెళ్లే దారిలో డిఫరెన్షియల్ ఉంది, అంటే రెండు పక్కల చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు. వాలులో బండిని టూ వీల్‌లో (ఇంజను బలం వెనక చక్రాలకే వెళ్లేలా) నిలిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రం ఒకటి జాకీతో లేపితే షాఫ్టు కదలదు గానీ లేచిన చక్రం వెనక్కి, నేలమీద చక్రం ముందుకి తిరిగేస్తాయి. బండి జాకీ మీంచి దొర్లి పడుతుంది. పంక్చరు వేసేటప్పుడు వేళ్లు, కాళ్లు పోయేది ఇక్కడే.

అందుకని వాలులో నిలిపితే క్రమం ఇది: ఫోర్ వీల్ వెయ్యండి, ట్రాన్స్‌ఫర్‌లో మెల్లగా నడిచే గేరు, అంటే లో వెయ్యండి, మొదటి గేరులో గానీ రివర్సులో గానీ పెట్టండి, హ్యాండ్‌బ్రేకు లాగండి, కిందివైపు రెండు చక్రాలకి రాళ్లు పెట్టండి. ఫోర్ వీల్ వేస్తే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి ముడిపడతాయి కాబట్టి హ్యాండ్‌బ్రేకు ముందు చక్రాలని కూడా పట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫర్‌కి న్యూట్రల్ కూడా ఉందని మర్చిపోవద్దు. ట్రాన్స్‌ఫర్ రాడ్డు న్యూట్రల్‌లో ఉంటే మెయిన్ గేరు మొదటిలో ఉన్నా ఇంజను బండిని పట్టుకోదు. "గేర్లో పెట్టే దిగానండీ, అయినా వెళ్లిపోయింది" అనే మాట వెనక కారణం సాధారణంగా ఇదే.

బయల్దేరే ముందు

స్టీరింగు అంచు దగ్గర రెండు అంగుళాలకి మించి ఊగితే ఎక్కడ అరిగిందో వెతకాలి. ఒకరు స్టీరింగు అటూ ఇటూ ఊపుతుంటే ఇంకొకరు కింద పడుకుని చూడాలి. ముందు టై రాడ్ ఎండ్లు, తర్వాత మధ్యలో ఉండే బెల్ క్రాంక్ పిన్ను, ఆఖర్న స్టీరింగు బాక్సు. చాలామంది బాక్సు స్క్రూ బిగించేసి పని అయిందనుకుంటారు. ప్లే బెల్ క్రాంక్‌లో ఉంటే ఆ బిగింపు వల్ల బాక్సు లోపలి భాగాలు అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. గతుకులో పడగానే ముందు చక్రాలు వణుకుతూ స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంటే కింగ్ పిన్ బేరింగులు వదులయ్యాయని అర్థం; షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) తీసి బిగించాలి.

ఎంబీకి, జీపీడబ్ల్యూకి ఎడమ చక్రాల నట్లు ఉల్టా మర. తెలియక పైపు తొడిగి బలం పెడితే స్టడ్డు తెగుతుంది. ఇంకో ప్రమాదం ఈ రెండిటికీ ఉండే కంబాట్ రిమ్ము. అది రెండు ముక్కలు, చుట్టూ ఎనిమిది నట్లతో బిగించి ఉంటుంది. చక్రాన్ని హబ్బుకి పట్టే ఐదు నట్లు వేరు, ఈ ఎనిమిది వేరు. టైరులో గాలి ఉండగా ఆ ఎనిమిదిలో ఏదీ కదపకూడదు. వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని చూసుకున్నాకే ముట్టుకోవాలి. లేకపోతే రిమ్ము ముక్క ముఖానికి ఎగురుతుంది.

ఆయిళ్లు: ఎంబీ గేరుబాక్సుకి ముప్పావు క్వార్టు, అంటే 700 మిల్లీలీటర్లు. ట్రాన్స్‌ఫర్‌కి 1.4 లీటర్లు. ముందు, వెనక హౌసింగులకి (యాక్సిల్, డిఫరెన్షియల్ ఉండే పెట్టెలు) తలా 1.2 లీటర్లు. సీజే-3బీ గేరుబాక్సు వేరే రకం, దానికి ప్లగ్గు అంచే కొలత. గేరుబాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులున్నాయి కాబట్టి జీఎల్-4 దాటిన 90 నంబరు ఆయిల్ పొయ్యొద్దు, అందులోని మందు ఇత్తడిని తినేస్తుంది. రేడియేటర్‌కి పది లీటర్ల నీళ్లు పడతాయి. ఎండాకాలం తాగే నీళ్లు కాక ఇంకో పది లీటర్లు బండికోసమే పెట్టుకోండి.

పెట్రోలు గురించి రెండు మాటలు. ఈ ఇంజను కంప్రెషన్ ఏడుకి లోపే, కాబట్టి ఆక్టేన్ తక్కువైందన్న బాధ లేదు. బాధల్లా ఇప్పటి పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాల్‌తోనే. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం మెత్తబడి చీలతాయి. టాంకులో ఏళ్లనాటి తుప్పు ఊడి ఫిల్టరు గిన్నెలో చేరుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం అడిగి తెచ్చుకోండి. ఎంబీకి టాంకు డ్రైవరు సీటు కిందే, మూత కూడా సీటు ఎత్తితేనే కనబడుతుంది. ఇంజను ఆపి, కాస్త చల్లారాకే పొయ్యాలి, ఒలికింది ఆరేదాకా సెల్ఫు కొట్టకూడదు. కిలో రెండు కిలోల పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ చెయ్యి అందే చోట ఉండాలి, వెనక సామాన్ల కింద కాదు.

మే నెల మధ్యాహ్నం బండి నడుస్తూ నడుస్తూ దగ్గి ఆగిపోతే సగం సందర్భాల్లో పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయింది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే లాగుతుంది. శాశ్వత మందు గొట్టాన్ని సైలెన్సర్ మానిఫోల్డుకి దూరంగా జరపడమే.

ఫోర్ వీల్, లో

పెద్ద గేరు రాడ్డు కాకుండా పక్కన రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు హౌసింగు కలపడానికి, ఇంకోటి హై-లోకి. ఏది ఎటు తోస్తే ఏమవుతుందో డాష్‌బోర్డు ప్లేటు మీద ఉంటుంది. ప్లేటు ఊడిపోతే పెయింటుతో రాసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. ముందు హౌసింగు కలపకుండా లో పడదు. లోపల చిన్న లాకు అడ్డుకుంటుంది. అది కావాలని పెట్టిందే. లో గేరు బలమంతా వెనక షాఫ్టు ఒక్కదాని మీదే పడకూడదని. ఊర్లో మెకానిక్కులు "ఈజీగా పడుతుంది సార్" అని ఆ లాకు తీసేస్తుంటారు. తీయనివ్వకండి. ఎంబీకి వెనక హౌసింగు ఫుల్ ఫ్లోటింగ్, యాక్సిల్ తెగినా చక్రం హబ్బు మీద నిలుస్తుంది. సీజే-3బీకి అలా కాదు, యాక్సిల్ తెగితే చక్రం డ్రమ్ముతో సహా బయటికి వస్తుంది.

ముందుకీ వెనక్కీ మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి తారురోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. జారే నేలైతే ఆ తేడా జారి సర్దుకుంటుంది, గట్టి రోడ్డు మీద షాఫ్టులు మెలిపడతాయి. రాడ్డు ఎంత లాగినా రాదు. అప్పుడు సుత్తి వద్దు. తిన్నగా పది మీటర్లు వెనక్కి వెళ్లి, స్టీరింగు సూటిగా ఉంచి లాగితే దానంతటదే ఊడుతుంది.

లోలో ఎంత మెల్లగా వెళ్లొచ్చు? ఎంబీకి మొదటి గేరు 2.66, ట్రాన్స్‌ఫర్ 1.97, హౌసింగు 4.88. గుణిస్తే ఇంజను 25 చుట్లు చిల్లర తిరిగితే చక్రం ఒక్క చుట్టు. నిమిషానికి 600 చుట్ల ఐడిల్‌లో గంటకి మూడు కిలోమీటర్లు, మనిషి నడకకంటే తక్కువ. 5.38 హౌసింగున్న సీజే-3బీకి ఇది 37 దాకా పోతుంది, గంటకి రెండు కిలోమీటర్లే. రాళ్లలో సీజే-3బీ ఎందుకు హాయిగా ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది. లోలో మూడో గేరులో కూడా ఎంబీకి ప్లేటు మీద రాసిన హద్దు గంటకి 33 మైళ్లు. దాన్ని మించితే ఇంజను కనెక్టింగ్ రాడ్డు బయటికి చూస్తుంది.

మొదటి గేరుకి సింక్రో లేదు. కదులుతుండగా రెండోదాన్నించి మొదటికి రావాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి (న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, రేజ్ చేసి, మళ్లీ నొక్కి గేరు వెయ్యాలి), వాలులో అది కుదిరే పని కాదు. కాబట్టి ఎక్కేముందు, దిగేముందు, నీళ్లలోకి దిగేముందు పూర్తిగా ఆగి, గేరు వేసి, మొదలుపెట్టాలి. మధ్యలో మార్చడం లేదు.

ఎక్కడం, ఆగిపోవడం, దిగడం

ఎక్కేముందు నడిచి పైదాకా వెళ్లి చూడండి. అవతల ఏముందో తెలియని గుట్ట ఎక్కకూడదు. మిట్టకి సూటిగా, ఫోర్ వీల్ లో, మొదటి గేరు గానీ రెండోది గానీ. బొటనవేళ్లు స్టీరింగు లోపలికి పెట్టొద్దు, పైనే ఆనించి ఉంచండి. రాయి తగిలి చక్రం మెలితిరిగితే స్టీరింగు ఆకు వేలుని విరిచేస్తుంది. పవర్ స్టీరింగు లేదు కదా, దెబ్బంతా నేరుగా చేతికే.

బాగా నిటారుగా ఉన్న చోట కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఒకవైపుకి ఒరిగి ఇంజను ఆగిపోతుంది. ఇది లోపం కాదు, ఎదురుచూడాల్సిన విషయం. ఆగిపోయినప్పుడు చెయ్యకూడని పని ఒక్కటే: క్లచ్ నొక్కడం. ఆ క్షణంలో బండిని పట్టుకుని ఉన్నది గేరులో ఉన్న చచ్చిన ఇంజనే. క్లచ్ నొక్కితే దాన్ని వదిలేసినట్టు.

మొదట కాలిబ్రేకు గట్టిగా తొక్కండి, హ్యాండ్‌బ్రేకు లాగండి, ఇగ్నిషన్ ఆపండి. ఊపిరి తీసుకోండి. ఇప్పుడు బ్రేకు మీద కాలు కదపకుండా క్లచ్ నొక్కి రివర్సు వెయ్యండి, క్లచ్ పూర్తిగా వదలండి. ట్రాన్స్‌ఫర్ లోలోనే ఉందని చేత్తో తడిమి చూడండి. హ్యాండ్‌బ్రేకు దించండి. కాలిబ్రేకు అంగుళం అంగుళం వదలండి. బండి ఇంజను మీద ఆనుతుంది, కొద్దిగా సర్దుకుని నిలబడుతుంది. ఇగ్నిషన్ వేసి, క్లచ్ ముట్టుకోకుండానే సెల్ఫు కొట్టండి. ఎంబీకి సెల్ఫు నేల మీద కాలితో నొక్కే బటనే. సెల్ఫు బలంతోనే బండి వెనక్కి పాకడం మొదలెడుతుంది, ఇంజను అందుకుంటుంది, రివర్సు లోలో పాకుతూ దిగుతుంది. తల వెనక్కి తిప్పి, ఎక్కిన దారినే దిగండి. మధ్యలో బండి తిప్పి సూటిగా దిగుదామన్న ఆలోచన వద్దు; అడ్డంగా తిరిగిన ఆ రెండు సెకన్లలోనే పల్టీ.

ఈ పద్ధతి చదును నేల మీద పది సార్లు, చిన్న మిట్ట మీద పది సార్లు చేసి అలవాటు చేసుకోవాలి. 6 వోల్టుల బండికి బ్యాటరీ వైర్లు లావుగా ఉంటేనే సెల్ఫు ఇంత బరువు లాగుతుంది: అంతే పనికి 12 వోల్టుల బండికంటే రెట్టింపు కరెంటు పారాలి. కారు వైర్లు వేసిన ఎంబీ సెల్ఫు వాలులో "టక్" మని ఊరుకుంటుంది.

దిగేటప్పుడూ ఇదే సూత్రం. మొదటి గేరు, లో, కాళ్లు క్లచ్ మీంచి పూర్తిగా తీసి నేలమీద. బండిని ఇంజను పట్టుకుంటుంది. వేగం పెరిగితే బ్రేకు తాకి వదలండి. ముందు చక్రాలు లాకైతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు, అప్పుడు భయం వేసినా బ్రేకు వదలాల్సిందే. వెనక భాగం పక్కకి జారుతుంటే కొంచెం రేజ్ చేసి ముందు భాగాన్ని సూటిగా కిందికి తెచ్చుకోండి. బ్రేకు తొక్కితే ఆ జారుడు ఇంకా పెరుగుతుంది.

పక్కవాలు

నాలుగడుగుల వెడల్పు బండికి పక్కవాలే అసలు శత్రువు. పది పదిహేను డిగ్రీలు దాటిన వాలుని అడ్డంగా దాటొద్దు. వాలు ఒక్కటే లెక్క కాదు, కిందివైపు చక్రం గుంటలో పడి, అదే క్షణంలో పైచక్రం రాయెక్కడం వల్లే బోల్తా. బండి ఒరుగుతున్నట్టనిపిస్తే స్టీరింగు కిందివైపుకి తిప్పండి. శరీరం పైకి తిప్పమంటుంది, దాని మాట వినొద్దు.

వెనక సీట్లో మనుషులొద్దు. అక్కడ కూర్చున్నవాళ్లు హౌసింగు పైన, తొట్టి అంచుకంటే ఎత్తులో ఉంటారు. డ్రైవరు, పక్కన ఒకరు, అంతే. బరువు సామాను నేలమీద. పైన కడ్డీ పెట్టించేటట్టయితే కాళ్లు ఛాసిస్‌కి దిగాలి. రేకు తొట్టికి బోల్టు చేసిన కడ్డీ బోల్తాలో రేకుతోపాటే మడుస్తుంది. కడ్డీ ఉంటే బెల్టులు తప్పనిసరి. బండి పాతతనం పోతుందని కొందరు ఒప్పుకోరు. బోల్టులతో పెట్టించుకుంటే ప్రదర్శనకి విప్పుకోవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. జీపుల తర్వాత వచ్చిన ఎం151ని చూసి ఇదీ జీపే అనుకోవద్దు. దానికి కమాన్ పట్టీలు లేవు, నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్. గట్టి మలుపులో వెనక చక్రం లోపలికి ముడుచుకుని బండి తిరగబడేది. ఎ2 రకంలో వెనక సస్పెన్షన్ మార్చారు, ఆ తర్వాత సైన్యమే రోల్ కేజిలు కూడా బిగించింది. పాతబడ్డవాటిని చాలావరకు ముక్కలు చేసే అమ్మారు.

వాగు, రేగడి, ఇసుక

వాగుని ముందు కర్రతో నడిచి దాటండి. నిలవ నీళ్లైతే మోకాలు దాకా, పారే నీళ్లైతే అందులో సగమే. ఫ్యాను బెల్టు వదులు చేస్తే ఫ్యాను నీళ్లు చిమ్మి డిస్ట్రిబ్యూటర్ని తడపదు. అదే బెల్టు వాటర్ పంపుని కూడా తిప్పుతుంది కాబట్టి ఒడ్డెక్కగానే బిగించాలి. మొదటి గేరు లో, నడక వేగం. మధ్యలో క్లచ్ నొక్కితే ప్లేట్ల మధ్యకి నీళ్లు దూరి జారుతుంది. అవతల చేరాక 200 మీటర్లు కాలు బ్రేకు మీద తేలిగ్గా ఆనించి నడిపి డ్రమ్ములు ఆరబెట్టండి. హ్యాండ్‌బ్రేకు కూడా తడిసి ఉంటుంది.

నల్లరేగడిలో వాన పడ్డాక రెండు మూడు రోజులు వెళ్లకపోవడమే తెలివి. మిలటరీ టైరు గాడులు రేగడితో నిండి, చక్రం నున్నటి మట్టిముద్దలా తయారవుతుంది. డిఫరెన్షియల్సు రెండూ ఓపెన్, కాబట్టి ముందొకటి వెనకొకటి తిరుగుతూ మిగతా రెండూ ఊరకే చూస్తుంటాయి. అప్పుడు హ్యాండ్‌బ్రేకు సగం లాగమని సలహా ఇస్తారు. ఈ జీపులో అది పని చెయ్యదు, అది షాఫ్టుని ఆపుతుంది గానీ తిరిగే చక్రాన్ని కాదు. కాలిబ్రేకు తేలిగ్గా తొక్కి రేజ్ చేస్తే కాస్త ఫలితముంటుంది. అదీ కుదరకపోతే పారతో తవ్వాల్సిందే.

గోదావరి, కృష్ణా ఇసుకలో గాలి తగ్గించాలి. మాన్యువల్ చెప్పిన 35 పౌండ్లు రోడ్డుకి. ఇసుకలో 18 దాకా దించండి, 15 కిందికి వద్దు: ట్యూబు టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. రెండో గేరు లో, బ్రేకు వెయ్యకుండా దానంతటదే ఆగేలా, ముందు భాగం పల్లానికి ఉండేలా ఆపండి.

తాడు కట్టేది ఛాసిస్‌కి, బంపరు మధ్యలో కాదు. గొలుసుతో కుదుపుగా లాగొద్దు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే తెగినా కొట్టకుండా కింద పడుతుంది. జనాన్ని తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబెట్టండి. జీపు దిగబడితే ఊరంతా మూగుతుంది, అది లాగేముందే చూసుకోవాల్సిన పని.

పొలాల్లో

అద్దం ముందుకి మడిచి నడపడం ఫోటోకి బాగుంటుంది. యుద్ధంలో యూరప్‌లో రోడ్డుకి అడ్డంగా తీగలు కట్టేవారు, అందుకే చాలా జీపులకి ముందు బంపరు మీద నిలువుగా ఇనప కడ్డీ బిగించారు. మన పొలాల్లో ఆ తీగ కంచె తీగ. చీకటి పడ్డాక అడవి పందుల కోసం కరెంటు పెట్టిన తీగ కూడా కావచ్చు. అద్దం నిలబెట్టే ఉంచండి, సాయంత్రమయ్యాక చేల గట్ల మీదికి వెళ్లకండి. గట్టు అంచున గోడ లేని పాతబావులు తంగేడు, సర్కారు తుమ్మ పొదల్లో కనిపించవు. పొద దాటాలంటే ఒకరు ముందు నడవాలి.

తిరిగొచ్చాక

టైర్లకి గాలి నింపండి, కమాన్ల యూ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించండి. నీళ్లలో దిగి ఉంటే ప్రతి నిప్పుల్‌కీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి, అప్పుడే లోపలి నీళ్లు పోతాయి. రాత్రంతా బండిని చదునుగా నిలిపి ఉంచి, పొద్దున్నే ఇంజను వేసేముందు రెండు హౌసింగులకీ కింది ప్లగ్గు అర చుట్టు వదులు చెయ్యండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. వెంటనే నల్లటి ఆయిల్ వస్తే బిగించెయ్యండి. నీళ్లు గానీ, పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ గానీ వస్తే మొత్తం దించి, 1.2 లీటర్లు కొత్తది పోసి, హౌసింగు మీదున్న గాలి బొడిపె మట్టితో మూసుకుపోయిందేమో చూడండి. వేడి హౌసింగు చల్లటి నీళ్లలో దిగినప్పుడు ఆ బొడిపె మూసుకుపోయి ఉంటే, లోపలి గాలి ముడుచుకుని సీళ్ల పక్కనించి నీళ్లు పీల్చుకుంటుంది.